పుర్రె మూత తియ్యకుండా మెదడును చూడటం ఎలా?

1962 మార్చిలో మన క్రికెట్ జట్టు వెస్టిండీస్ పర్యటనలో ఉంది. బార్బడోస్ జట్టుతో పోటీ. మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ బ్యాటింగు చేస్తున్నాడు. చార్లీ గ్రిఫిత్ అనే మహావేగం గల బౌలరు వేసిన బంతి లేచివచ్చి అతని తలకు, చెవి దాపున, ఠపీమని తగిలింది. ఆ రోజుల్లో బ్యాట్స్‌మన్లకు హెల్మెట్లు లేవు. నెత్తిమీద గుడ్డ టోపీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కాంట్రాక్టర్ అక్కడికక్కడే స్పృహ తప్పి పడిపోలేదు. తన కాళ్ళమీదనే మైదానం బయటికి నడిచాడు. ఆ తరవాతనే పరిస్థితి విషమించింది. ఆస్పత్రికి తీసుకుపోయి, తల తెరిచి, పేరుకున్న రక్తాన్ని తియ్యవలసివచ్చింది. చాలా రోజులపాటు ప్రాణం ఊగిసలాడింది. అతనికి రక్తమిచ్చిన వారిలో ఎదటి దేశపు కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఉన్నాడు. చివరికి కాంట్రాక్టర్ బతికాడు. వెల్లూరులో డాక్టర్ జేకబ్ చాందీ అతని పుర్రెకు ఒక లోహపు రేకు అమర్చాడు. 1949లో మన దేశంలో మొట్టమొదటి మెదడు శస్త్రచికిత్స శాఖను నెలకొల్పినది ఆ చాందీయే. ఆ రేకు అరవై ఏళ్ళు కాంట్రాక్టర్ తలలోనే ఉండి, 2022లో బయటికి వచ్చింది.

నడిచివచ్చిన మనిషి కాసేపటికి ప్రాణాపాయంలో ఎందుకు పడ్డాడు? లోపల రక్తం ఎక్కడ పేరుకుందో, ఎంత పేరుకుందో ఆనాటి డాక్టర్లకు ఎలా తెలియాలి? ఈ రెండు ప్రశ్నలే మన కథ.

తొట్టిలో తేలే మెదడు

తాటిముంజె తెలుసు గదా! పైన ఇనుములాంటి కాయ, లోపల వేలు పెడితే దిగిపోయే మెత్తని ముంజె. మన తల ఇంచుమించు అలాంటిదే. మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అది జున్నుకంటె కాస్త మెత్తన. టేబులుమీద పెడితే తన బరువుకు తానే చదికిలబడుతుంది. మరి నడిచేటప్పుడూ, గెంతేటప్పుడూ అది పుర్రెకు కొట్టుకుని చితికిపోదేం? దాని చుట్టూ నీళ్ళలాంటి మస్తిష్కమేరు ద్రవం ఉంది గనక. అందులో మెదడు తేలుతూ ఉంటుంది. ఆర్కిమెడీసు సూత్రం ప్రకారం తేలే వస్తువు బరువు తగ్గుతుంది కదా! ఆ ద్రవంలో మెదడు బరువు 50 గ్రాములే అన్నట్టుగా ఉంటుంది. పైగా వరాశిక, లౌతికళ, మృద్వి అని మూడు పొరలు దాన్ని కప్పి ఉంటాయి. ఈ పేర్లు మీ జీవశాస్త్రం పుస్తకంలో చదివే ఉంటారు.

ఇంత భద్రంగా ఉన్నా దెబ్బ ఎలా తగులుతుంది? చిన్న ప్రయోగం చెయ్యండి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, పైన కాస్త మిరియాలపొడి చల్లండి. నీళ్ళు కదలకుండా నిలిచాక, గిన్నె అంచు పట్టుకుని చటుక్కున పావువంతు తిప్పండి. గిన్నె తిరుగుతుంది, మిరియాలపొడి మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉండిపోతుంది. దీన్నే జడత్వం అంటాం. పుర్రె గిర్రున తిరిగినప్పుడు లోపలి మెదడు కూడా ఇలాగే వెనకబడుతుంది. పై భాగం ఒక వేగంతో, లోతు భాగం మరో వేగంతో కదులుతాయి. ఆ రెంటి మధ్య ఉన్న సన్నని నాడీతంతువులు సాగుతాయి, మెలిపడతాయి, తెగుతాయి. 1943లో ఆక్స్‌ఫర్డులో హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి ఈ సంగతి చూపించాడు. తిన్నగా తగిలిన దెబ్బకంటె తలను తిప్పిన దెబ్బ మెదడును ఎక్కువ చెరుస్తుందని ఆయన వాదన. డాక్టరు కానివాడు మెదడు గురించి ఏం చెబుతాడులే అని కొట్టిపారేసే వీలు లేకుండా, 1956లో సబీనా స్ట్రిచ్ అనే వైద్యురాలు సూక్ష్మదర్శినిలో తెగిన తంతువులను చూసింది. పుర్రెకు చిన్న బీట కూడా లేకుండానే మెదడంతటా తంతువులు తెగవచ్చని అప్పుడు తేలింది.

కిక్కిరిసిన బస్సు

ఇప్పుడు కాంట్రాక్టర్ సంగతికి వద్దాం. పుర్రె గట్టి పెట్టె. అది సాగదు, ఉబ్బదు. అందులో ఉండేవి మూడే మూడు: మెదడు, రక్తం, మస్తిష్కమేరు ద్రవం. నాలుగోది ఏదైనా వచ్చి కూర్చోవాలంటే, ఉన్నవాటిలో ఒకటి కాస్త లేచి పోవాలి. ఈ మాటకు పునాది 1783లో ఎడింబరోలో అలెగ్జాండర్ మన్రో వేశాడు. 1824లో ఆయన శిష్యుడు జార్జి కెల్లీ దాన్ని బలపరిచాడు.

తలకు దెబ్బ తగిలి, ఎముకకూ వరాశికకూ మధ్యనున్న ధమని చిట్లిందనుకోండి. రక్తం కొద్దికొద్దిగా చేరుతూ ఉంటుంది. మొదట్లో ఏమీ తెలియదు. ఎందుకంటే పుర్రెలోని ద్రవం కొంత వెన్నులోకి దిగిపోతుంది, సిరల్లోని రక్తం కొంత మెడలోకి జారిపోతుంది, కొత్తగా వచ్చినదానికి చోటిస్తాయి. కిక్కిరిసిన బస్సులో నలుగురు కొత్తగా ఎక్కితే, ముందు తలుపు దగ్గరి వాళ్ళు దిగి చోటిచ్చినట్టన్నమాట. ఈ సమయంలో దెబ్బ తిన్న మనిషి లేచి కూచుంటాడు, మాట్లాడతాడు, మంచినీళ్ళు అడుగుతాడు, "నాకేం కాలేదు, ఇంటికి పోతా" నంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గండం గడిచిందనుకుంటారు.

కాని దిగేవాళ్ళంతా దిగిపోయాక? ఇంకొక్కడు ఎక్కినా బస్సులో ఊపిరాడదు. పుర్రెలోనూ అంతే. మొదట కొన్ని చెంచాల రక్తం చేరినా పీడనం అట్టే పెరగదు. ఒక హద్దు దాటాక మాత్రం చెంచాడు రక్తానికే పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. మామూలుగా పుర్రెలోని పీడనం 15 మిల్లీమీటర్ల పాదరసానికి మించదు. అది 22 దాటితే డాక్టర్లు తక్షణం మందో, కత్తో పట్టాలి. అప్పటికి మెదడుకు మిగిలిన దారి ఒక్కటే. పుర్రె అడుగున వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రం ఉంది చూశారూ, అటే నొక్కుకుపోతుంది. ఊపిరిని నడిపే మజ్జాముఖం ఉన్నది సరిగ్గా అక్కడే.

మాట్లాడి, ఆ తరవాత చనిపోయినవారి గురించి గ్లాస్గో నగరపు వైద్యులు 1975లో ఒక వ్యాసమే రాశారు. వాళ్ళలో ఎక్కువమందికి తలలో రక్తపు గడ్డ ఉంది. మాట్లాడగలిగాడంటే ఆ క్షణానికి మెదడు పనిచేస్తున్నట్టే గదా! అంటే ఆ చావుల్లో చాలా భాగం దెబ్బవల్ల కాదు, ఆలస్యంవల్ల వచ్చినవి.

అందుచేత తలకు గట్టి దెబ్బ తగిలినవాణ్ణి, వాడు బాగానే ఉన్నాననినా సరే, ఒక రోజంతా ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి అంతకంతకు ఎక్కువవుతున్నా, వాంతులు ఆగకుండా అవుతున్నా, పిలిస్తే పలకని మత్తు వస్తున్నా, ఒక కంటిపాప రెండోదానికంటె పెద్దదైనా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, మూర్ఛ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారినా, గాయంమీద కాఫీపొడి అద్దుతూ, చేతిలో తాళంచెవులు పెడుతూ కూచోకూడదు. 108కి ఫోను చెయ్యాలి. (ఆ 108 అంబులెన్సు ఏర్పాటు 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది.) దెబ్బ తిన్నవాణ్ణి నిద్రపోనివ్వకూడదంటారు పెద్దలు. నిద్ర వల్ల గడ్డ పెరగదు. కాని నిద్రకూ మత్తుకూ తేడా చూడకపోతే ప్రమాదమే. లేపితే లేచి, సరిగ్గా పలికితే అది నిద్ర.

రాయికి కూడా మూడు మార్కులు

పూర్వం ఒక డాక్టరు "మగత"లో ఉన్నాడని రాసేవాడు. రాత్రి వచ్చిన డాక్టరు అదే రోగిని చూసి "సగం స్పృహ" అనేవాడు. మర్నాడు మరొకాయన "గాఢనిద్ర" అనేవాడు. ఇంతకీ రోగి బాగుపడుతున్నాడా, దిగజారుతున్నాడా? ఎవరికీ తెలియదు. జ్వరం కొలవటానికి థర్మామీటరు ఉంది. స్పృహ కొలవటానికి ఏముంది?

1974లో గ్లాస్గోలోని గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు ఆ థర్మామీటరు తయారుచేశారు. దానికి గాజుగొట్టం లేదు, పాదరసం లేదు. చూడవలసినవి మూడే: కళ్ళు, మాట, కదలిక. రోగి తనంతట తాను కళ్ళు తెరిస్తే 4 మార్కులు. పిలిస్తే తెరిస్తే 3, నొప్పి పుట్టిస్తే తెరిస్తే 2, ఎంత చేసినా తెరవకపోతే 1. మాటకు 5 మార్కులు. నేనెవరు, ఇదెక్కడ, ఇవాళ ఏ నెల అన్నవి సరిగా చెబితే అయిదూ వస్తాయి, పొంతన లేకుండా మాట్లాడితే 4, అక్కడో మాట ఇక్కడో మాట వస్తే 3, మూలుగులైతే 2. కదలికకు 6. "చెయ్యెత్తు" అంటే ఎత్తితే ఆరూ వస్తాయి. అక్కడినించి మెట్టు మెట్టుగా దిగుతుంది. మొత్తం 15. ఏమీ చెయ్యకపోయినా ఒక్కొక్కదానికి ఒకటి చొప్పున మూడు మార్కులు ఖాయం. అంటే ఈ పరీక్షలో రాయికి కూడా మూడు మార్కులు వస్తాయన్నమాట! 13 నుంచి 15 దాకా తేలిక దెబ్బ, 9 నుంచి 12 మధ్యరకం, 8గాని అంతకు లోపుగాని వస్తే తీవ్రమైన దెబ్బ అని లెక్క.

ఇదేం గొప్ప అనిపించవచ్చు. గొప్ప ఏమిటంటే, దీన్ని పల్లెటూరి ఆస్పత్రిలోని నర్సు కూడా టార్చిలైటుతో, పైసా ఖర్చు లేకుండా గంటగంటకూ వెయ్యగలదు. తొమ్మిది గంటలకు 14, పదింటికి 13, పదకొండింటికి 10. ఈ మూడు అంకెలు చూస్తే చాలు, లోపల ఏదో పెరుగుతోందని పుర్రె తెరవకుండానే తెలుస్తుంది.

గడ్డివాముమీదనుంచి దూకిన కుర్రవాడు

ఏదో పెరుగుతోంది, సరే. ఎక్కడ? కుడివైపా, ఎడమవైపా? 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టాడు. వాటితో ఎముక విరుగుడు కనిపిస్తుంది, మెదడు కనిపించదు. మెత్తని మెదడూ, గడ్డకట్టిన రక్తమూ ఎక్స్-కిరణాలను ఇంచుమించు ఒకే మాదిరిగా పోనిస్తాయి. పైగా ముందున్న ఎముక, వెనకున్న ఎముక, మధ్యలో మెదడు అన్నీ ఒకే ఫిల్ముమీద ఒకదానిమీద ఒకటి పడతాయి. 1918లో వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్ మెదడు గదుల్లోకి గాలి ఎక్కించి ఫోటో తీశాడు. 1927లో పోర్చుగల్‌లో ఈగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి ఎక్స్-కిరణాలను ఆపే మందు ఎక్కించి రక్తనాళాలను చూశాడు. మంచి ఉపాయాలే, కాని రోగికి యమబాధ. లేదా సర్జన్లు అనుమానమున్న చోటల్లా పుర్రెకు రంధ్రాలు వేసి వెతికేవాళ్ళు.

ఈ చిక్కు విడగొట్టినవాడు డాక్టరు కాదు. ఇంగ్లండులో ఒక రైతు కొడుకు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. చిన్నప్పుడు సొంతంగా చేసుకున్న గ్లైడరుతో గడ్డివాముల మీదనుంచి దూకేవాడట. (తలకు దెబ్బ తగలకపోవటం లోకానికి మేలయింది.) పెద్ద డిగ్రీలేమీ లేవు. గ్రామఫోను రికార్డులకు పేరుపడ్డ ఇ.ఎమ్.ఐ. కంపెనీలో ఇంజనీరు. పెట్టె తెరవకుండా, నాలుగువైపులనుంచీ కిరణాలు పంపి, లోపల ఏముందో లెక్క కట్టలేమా అని ఆయన ఆలోచన.

ఆ లెక్క మీరూ చెయ్యగలరు. నాలుగు గదులున్న చదరం గీయండి. పైవరసలో అ, ఆ. కిందివరసలో ఇ, ఈ. ప్రతి గదిలో ఒక అంకె దాగి ఉంది. గదులు తెరవకూడదు. పైవరసగుండా ఒక కిరణం పంపితే రెండు గదుల మొత్తం 4 అని తెలిసింది. కిందివరస మొత్తం 6. ఎడమ నిలువు వరస, అంటే అ, ఇ కలిపి 5. ఏటవాలుగా అ, ఈ కలిపి 7. ఇప్పుడు చివరి రెంటినీ కూడండి: రెండు అ లు, ఒక ఇ, ఒక ఈ కలిపి 12. ఇ, ఈ కలిస్తే 6 అని ముందే తెలుసు. కాబట్టి రెండు అ లు 6, ఒక అ 3. ఇక మిగతావి వాటంతట అవే వస్తాయి: ఆ 1, ఇ 2, ఈ 4. ఒక్క గదైనా తెరవలేదు, అన్నీ తెలిసిపోయాయి!

హౌన్స్‌ఫీల్డ్ మొదటి యంత్రంలో తల అడ్డుకోతను 80 నిలువు, 80 అడ్డం, మొత్తం 6,400 గదులుగా విభజించాడు. 180 దిక్కులనుంచి, ఒక్కొక్క దిక్కులో 160 చొప్పున 28,800 కొలతలు తీశాడు. చేత్తో లెక్క కడితే తాతలు దిగివస్తారు. కనక కంప్యూటరుకు అప్పగించాడు. అంతకు ముందు ప్రయోగశాలలో పాత లేత్ యంత్రంమీద చేసిన ప్రయత్నంలో కొలతలకే తొమ్మిది రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్ వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటిసారి రోగి తలను స్కాన్ చేశారు. మెదడు ముందుభాగంలో కంతి ఉందని అనుమానమున్న స్త్రీ ఆమె. చిత్రంలో కంతి స్పష్టంగా కనిపించింది. ఆపరేషను చేసిన సర్జను, లోపల అచ్చం చిత్రంలో ఉన్నట్టే ఉందన్నాడు. అదే సి.టి. స్కాన్. ఈ లెక్క ఎలా చెయ్యాలో ఆలన్ కార్మాక్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1963, 64లలోనే ప్రచురించాడు, కాని ఎవరూ పట్టించుకోలేదు. 1979లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి వచ్చింది.

ఇవాళ స్కాన్ చిత్రంలో కొత్తగా కారిన రక్తం మెదడుకంటె తెల్లగా మెరుస్తుంది. గడ్డ ఎక్కడో, ఎంత మందమో, మెదడును ఎన్ని మిల్లీమీటర్లు పక్కకు నెట్టిందో కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. సర్జను సరిగ్గా అక్కడే తెరుస్తాడు. సి.టి.కి చిక్కని తెగిన తంతువుల ఆనవాళ్ళు కొన్ని ఎమ్.ఆర్.ఐ.లో దొరుకుతాయి.

మాగాయ సూత్రం

గడ్డ తీసేస్తే అయిపోయిందా? లేదు. దెబ్బతిన్న మెదడు వాస్తుంది. చీలమండ వాస్తే బయటికి ఉబ్బుతుంది. మెదడు ఎటు ఉబ్బుతుంది? మళ్ళీ పీడనమే. దీన్ని తగ్గించటానికి మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థాన్నో, గాఢమైన ఉప్పునీటినో నరంలోకి ఎక్కిస్తారు. మాగాయకు మామిడిముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది కదా! ముక్కల్లోని నీరు ఉప్పున్న వైపుకు వస్తుంది. ద్రవాభిసరణ అంటే అదే. మానిటాల్ కూడా మెదడులోని నీటిని అలాగే రక్తంలోకి లాగుతుంది. రోగి తలవైపు మంచాన్ని 30 డిగ్రీలు ఎత్తుతారు, సిరల్లోని రక్తం కిందికి జారటానికి. ఏదీ పనిచెయ్యకపోతే పుర్రెలో ఒక పెద్ద ముక్క కోసి తీసి, మెదడు ఉబ్బటానికి చోటిస్తారు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో 408 మంది రోగులు ఉన్నారు. మందులతోనే నెట్టుకువచ్చిన వారిలో ఆరు నెలల్లోపల నూటికి 49 మంది చనిపోతే, ఎముక తీసినవారిలో 27 మంది చనిపోయారు. కాని బతికిన ఆ అదనపు వారిలో చాలామంది మంచానికే అంటుకుపోయారు. ఈ ఆపరేషను చెయ్యాలా వద్దా అని రోగి తల్లిదండ్రులను అడగవలసిన డాక్టరు పని ఎంత కష్టమో ఊహించండి.

మరో సంగతి. తలకు తగిలిన మొదటి దెబ్బను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. రెండో దెబ్బ మాత్రం ఆపవచ్చు. రక్తపోటు పడిపోయినా, ప్రాణవాయువు తగ్గినా దెబ్బతిన్న మెదడు ఓర్చుకోలేదు. శరీరం బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళే అయినా, పీల్చిన ప్రాణవాయువులో ఐదోవంతు అదే వాడుకుంటుంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో అంబులెన్సు సిబ్బందికి మూడంటే మూడు విషయాలు గట్టిగా నేర్పారు: ప్రాణవాయువు తగ్గనివ్వకండి, రక్తపోటు పడనివ్వకండి, గాలిసంచీని మరీ వేగంగా నొక్కకండి. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. తీవ్రంగా దెబ్బతిన్నవారిలో బతికే అవకాశం బాగా పెరిగింది. కొత్త మందూ లేదు, కొత్త యంత్రమూ లేదు. మూడోదైన గాలిసంచీ సంగతి వింత. వేగంగా ఊపిరి పోస్తే మెదడు రక్తనాళాలు సన్నబడి పీడనం తగ్గుతుంది గనక పూర్వం అదే మంచి వైద్యమనుకున్నారు. నాళాలు సన్నబడితే మెదడుకు రక్తమూ తగ్గుతుందని తరవాత తెలిసింది.

పదివేలమంది చెప్పిన సాక్ష్యం

మంచిదనుకున్నది మంచిది కాకపోవటానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ ఉంది. మెదడులో కంతి ఉన్నప్పుడు స్టెరాయిడ్ మందులు వాపును తగ్గిస్తాయి. మరి దెబ్బవల్ల వచ్చిన వాపునూ తగ్గించాలి కదా! తర్కం బాగానే ఉంది. దాదాపు ముప్పై ఏళ్ళపాటు చాలాచోట్ల ఇచ్చారు. కొందరు బతికారు, కొందరు పోయారు. బతికినవాళ్ళు మందువల్ల బతికారా, మందిచ్చినా బతికారా?

ఇది తేల్చటానికి ఒకటే దారి. బొమ్మాబొరుసూ వేసినట్టు, సగంమందికి అసలు మందు, సగంమందికి వట్టి ఉప్పునీరు ఇవ్వాలి. ఎవరికేది ఇచ్చారో డాక్టరుకు కూడా తెలియకూడదు. క్రాష్ అనే పేరుతో ఇలాంటి పరిశోధన అనేక దేశాల్లో జరిగింది. 20,000 మందితో చెయ్యాలనుకున్నారు. 10,008 మంది అయ్యేసరికి ఆపేశారు. 2004లో ఫలితాలు వచ్చాయి: రెండు వారాల్లో ఉప్పునీరు పుచ్చుకున్నవారిలో నూటికి 17.9 మంది చనిపోతే, స్టెరాయిడ్ పుచ్చుకున్నవారిలో 21.1 మంది చనిపోయారు. నూటికి ముగ్గురు అదనంగా! నూరుమంది రోగులను చూసిన ఏ ఒక్క డాక్టరుకూ ఆ ముగ్గురు కనిపించరు. పదివేలమందిని లెక్కపెడితేగాని కనిపించరు. తర్కం ఒకటే చాలదని నమ్మనివాళ్ళకు ఈ ఒక్క కథ చెబితే చాలునని నా ఉద్దేశం. శరీరాన్ని చల్లబరచటం, ప్రొజెస్టిరోన్ ఇవ్వటం వంటి మరికొన్ని ఆశలు కూడా ఇలాంటి పరీక్షల్లోనే వాడిపోయాయి.

నిలబడిన మందు కూడా ఒకటి ఉంది. జపానులో ఉతాకో ఒకామోతో, ఆమె భర్త షోసుకే కలిసి 1962లో ట్రానెక్సమిక్ ఆమ్లం అనే పదార్థాన్ని ప్రకటించారు. కట్టిన రక్తపుగడ్డ కరిగిపోకుండా అది అడ్డుకుంటుంది. యుద్ధం తరవాతి ఆ రోజుల్లో ప్రయోగశాలకు డబ్బు లేదు. రక్తంమీద పరిశోధన అయితే తమ రక్తమే వాడుకోవచ్చునని వాళ్ళు ఆ విషయం ఎంచుకున్నారు. పసిపిల్లను వీపున కట్టుకుని ఆమె ప్రయోగాలు చేసేది. ఈ చవక మందును తలదెబ్బ తిన్నవారికి ఇచ్చి చూస్తే ఏమవుతుందో 29 దేశాల్లో 12,737 మందిమీద పరీక్షించి 2019లో చెప్పారు. దెబ్బ తేలికదో మధ్యరకందో అయి, మూడు గంటల్లోపల ఇస్తే, తలదెబ్బతో చనిపోయేవారు నూటికి 7.5 నుంచి 5.8కి తగ్గారు. తీవ్రమైన దెబ్బలకు ఉపయోగం కనిపించలేదు. ఉతాకో 2016లోనే కన్నుమూసింది. ఈ ఫలితం చూడలేదు.

హెల్మెట్ లెక్క

మందుల సంగతి ఇలా ఉండగా, దెబ్బనే చిన్నది చేసే సాధనం ఒకటుంది. 1935లో ఇంగ్లండులో లారెన్స్ అనే సుప్రసిద్ధ సైనికుడు మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే సర్జన్ ఉన్నాడు. ఆ తరవాత ఆయన సైన్యంలో మోటారు సైకిళ్ళ ప్రమాదాలను లెక్కలు కట్టి 1941లో వ్యాసం రాశాడు. కొద్ది రోజులకే బ్రిటిష్ సైన్యం హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది.

హెల్మెట్‌లో అసలు పనిచేసేది పైనున్న గట్టి డిప్ప కాదు, లోపలి తెల్లని థర్మోకోల్ లాంటి పొర. చిన్న లెక్క చూడండి. తల 1.8 మీటర్ల ఎత్తునుంచి రోడ్డుమీద పడిందనుకుందాం. పడిన ఎత్తును ఆగటానికి పట్టిన దూరంతో భాగిస్తే, తలకు గురుత్వత్వరణానికి ఎన్ని రెట్ల కుదుపు తగిలిందో వస్తుంది. ఉత్త తల 2.5 మిల్లీమీటర్లలో ఆగితే 720 రెట్లు. లోపలి పొర నలిగి 25 మిల్లీమీటర్లలో ఆగితే 72 రెట్లు. పొర నలగటమే దాని పని. అందుకే ఒకసారి గట్టిగా పడిన హెల్మెట్‌ను, పైకి బాగున్నా, పారెయ్యాలి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మంది. అందులో వెనక కూర్చున్నవారు 14,337 మంది. వెనక సీటులో ఎక్కువగా కూర్చునేది ఎవరో మీకు నేను చెప్పాలా?

ఒక చుక్క రక్తం, ఒక టెన్నిస్ ఆట

తలమీద చిన్న దెబ్బ తగిలిన ప్రతివాణ్ణీ స్కాన్ చెయ్యటం దండగ. అనవసరంగా ఎక్స్-కిరణాలు కూడా తగులుతాయి. గుండెపోటును రక్తపరీక్షతో పట్టినట్టు మెదడు దెబ్బను పట్టలేమా? మెదడు కణాలు చితికితే వాటిలోని ప్రత్యేకమైన ప్రోటీన్లు కొద్దిగా రక్తంలోకి కారుతాయి. అలాంటి రెండు ప్రోటీన్లను కొలిచే పరీక్షను 2018లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. 2024 నాటికి రోగి మంచం పక్కనే పదిహేను నిమిషాల్లో ఫలితం చెప్పే పద్ధతి వచ్చింది. అవి తక్కువగా ఉంటే చాలామందికి స్కాన్ అక్కరలేదు. 2025లో కొందరు నిపుణులు, 15 మార్కుల పరీక్ష ఒక్కదానితో తేలిక, తీవ్రం అని ముద్ర వెయ్యటం చాలదనీ, దానికి ఈ రక్తపరీక్షనూ, స్కాన్‌నూ, రోగి పరిస్థితులనూ చేర్చాలనీ ప్రతిపాదించారు.

ఇక అన్నింటికంటె వింత విషయం. కొందరు తలదెబ్బ తరవాత కళ్ళు తెరుస్తారు, నిద్రపోతారు, లేస్తారు. కాని ఏం చెప్పినా చెయ్యరు, పలకరు. వాళ్ళకు ఏమీ తెలియదనే అనుకునేవారు. 2006లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఇలాంటి 23 ఏళ్ళ యువతిని ఎమ్.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించు" అని చెప్పింది. కదలికలను తలపెట్టే మెదడు భాగంలో రక్తప్రసారం పెరిగింది. "మీ ఇంట్లో గదిగదికీ తిరుగుతున్నట్టు ఊహించు" అంటే వేరే భాగాలు వెలిగాయి. ఆరోగ్యవంతుల మెదళ్ళలోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఆమె వింటోంది, అర్థం చేసుకుంటోంది, చెప్పినట్టు చేస్తోంది. వేలు మాత్రం కదపలేదు! 2024లో ప్రచురించిన మరో పరిశోధనలో, చెప్పింది చెయ్యలేని 241 మందిని ఇలా పరీక్షిస్తే 60 మంది మెదళ్ళు జవాబిచ్చాయి.

2010లో ఇంకో అడుగు వేశారు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని అయిదేళ్ళుగా పలకని ఒక యువకుడికి, "అవును" అనాలంటే టెన్నిస్ ఊహించు, "కాదు" అనాలంటే ఇల్లు ఊహించు అని చెప్పారు. మీ నాన్న పేరు ఫలానానా లాంటి ఆరు ప్రశ్నలు వేశారు. అయిదింటికి సరైన జవాబులు వచ్చాయి. ఆరోదానికి ఏ భాగమూ వెలగలేదు. నిద్రపోయి ఉండవచ్చు, ప్రశ్న వినిపించకపోయి ఉండవచ్చు, జవాబు చెప్పటం ఇష్టం లేకపోయి ఉండవచ్చు అని శాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో రాసుకున్నారు.